సెనెట్‌కు వెళ్లని బస్సు

పొద్దున్నే కాఫీ కప్పుతో వెనక తలుపు తీయగానే ముందు తగిలేది చలి కాదు, ఆ మోత. పక్క గదిలో పెద్ద ఫ్రిజ్ ఒకటి ఆగకుండా నడుస్తున్నట్టు ఉంటుంది. చెవికన్నా ముందు గుండెల మీద తెలుస్తుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఆష్‌బర్న్‌లో మా ఇళ్ల వెనక చెట్ల వరుస దాటితే అన్నీ డేటా సెంటర్లే. వాటి కప్పుల మీద తిరిగే ఫ్యాన్ల చప్పుడు అది. వారం రోజులు ఉంటే అలవాటైపోతుందని ఇల్లు అమ్మినాయన చెప్పాడు. చాలామందికి అలవాటైంది కూడా. నాకూ అయ్యేదేమో. కానీ ఆ మోత వినబడినప్పుడల్లా రాష్ట్ర రాజధాని రిచ్మండ్‌లో ఒక మధ్యాహ్నం, అక్కడ మైకు ముందు నిలబడిన డాక్టర్ సీతారత్నం గారు గుర్తుకొస్తారు.

అది వర్జీనియా సెనెట్‌లో ఒక కమిటీ గది. ఛైర్మన్ ఆ మోత గురించిన మా బిల్లు నంబరు చదివి, సమర్థించేవాళ్లు లేచి నిలబడమన్నారు. గదికి ఒక పక్క కోట్లు, టైలు వేసుకున్నవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లు బిల్లు వద్దనేవాళ్లు. మా పక్క మూడు వరుసల కుర్చీలు ఖాళీ. ముగ్గురం లేచాం: డెబ్బై ఆరేళ్ల సీతారత్నం గారు, కూతురింటికి వచ్చి ఉన్న రిటైర్డ్ తహసీల్దారు రాంరెడ్డి గారు, నేను. డాక్టర్‌గారు మైకు దగ్గరికి నడిచి, చేతిలోని కార్డుల వంక చూసి, వెనక్కి తిరిగి ఆ ఖాళీ కుర్చీల వంక చూశారు. తర్వాత కార్డులు హ్యాండ్‌బ్యాగులో పెట్టేసి మూత వేశారు. గోడ గడియారం మూడు దాటింది. ఆ కుర్చీలు ఖాళీగా ఉండటానికి కారణం నేను రాసిన ఒక హెడ్డింగ్. అది నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

నేను రాజమండ్రిలో పదకొండేళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. నా భార్య ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాక, చేతులు ఊరుకోక, మా ప్రాంతపు తెలుగువాళ్ల కోసం చిన్న వెబ్ పత్రిక నడపడం మొదలుపెట్టాను. గుడి కార్యక్రమాలు, పిల్లల అరంగేట్రాలు, వీసా వార్తలు అందులో వస్తాయి. ఒక వేసవిలో ఏదో సందర్భంగా ‘ఈ ఏడాది ఎన్నికల సందడి లేదు’ అని రాశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. “బాబూ, ఎలక్షన్ లేదని రాశావు. నవంబర్‌లో మా పోలింగ్ బూత్‌లో పొద్దున అయిదింటి నుంచి కూర్చునేది నేనే. మరి నేను అక్కడ ఏం చేస్తుంటానంటావు, పేరంటమా?” ఆ గొంతులో కోపం లేదు. పరీక్ష పేపరు దిద్దుతున్న టీచర్ గొంతు అది. సవరణ రాస్తాను మేడమ్ అన్నాను. సవరణ తర్వాత, ముందు ఇంటికి రమ్మన్నారు.

అలా పరిచయమయ్యారు. ఊరు బాపట్ల, చదువు గుంటూరు. 1970ల్లో భర్త సూర్యనారాయణ గారితో అమెరికా వచ్చి, నలభై ఏళ్లు చెవుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కాలేజీలో లెక్కల మాస్టారు. పదేళ్లుగా ఆయనకు వినికిడి తగ్గింది. “రాష్ట్రమంతా చెవులు బాగుచేశాను. ఇంట్లో చెవి మాత్రం చేజారింది” అని ఆవిడే నవ్వేవారు. ఆ మొదటి రోజు ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన ముందు ఒక తెల్లకాయితాల దొంతర, పెన్సిలు. పై కాయితం మీద ‘పెరుగు వెయ్యనా?’ అని ఆవిడ రాత, కింద ‘కొంచెం’ అని ఆయన రాత. వినికిడి యంత్రాలు పక్కన చిన్న డబ్బాలో ఉన్నాయి. ఎందుకు పెట్టుకోలేదో అడగాలని తోచలేదు నాకు. డెస్కు మనిషిని, ఎదుట ఉన్న కాయితం చదువుతాను, ప్రశ్న అడగను.

ఆ రోజు గంటసేపు నాకు పాఠం జరిగింది. ప్రెసిడెంటు ఎన్నిక నాలుగేళ్లకోసారి, అదొక్కటే మనవాళ్లకు కనబడేది. వర్జీనియా రాష్ట్రానికి తన శాసనసభ వేరే ఉంది. అందులో రెండు సభలు. వందమంది డెలిగేట్లు రెండేళ్లకోసారి, నలభైమంది సెనెటర్లు నాలుగేళ్లకోసారి ఎన్నికవుతారు. అదీ బేసి సంవత్సరాల్లో, జనం ఎన్నికలు లేవనుకునే నవంబర్లలో. ఏడాదికి నెలన్నరో రెండు నెలలో సభ నడిపి, తర్వాత ఎవరి ఉద్యోగాలకు వాళ్లు పోతారు. ఒకాయన వకీలు, ఒకామె నర్సు, ఒకాయనకు ఆవులున్నాయి. “ప్రెసిడెంట్‌కి మన వీధి ఎక్కడుందో తెలీదు వేణూ. వీళ్లకి తెలుసు. ఈ మోత సంగతి కౌంటీని, అంటే మన జిల్లా పాలనని, అడిగితే మా చేతిలో లేదంటారు. నిజమే. వాళ్లకి ఆ చెయ్యి ఇవ్వాల్సింది రిచ్మండ్” అన్నారు. నాకు ఓటు లేదని, గ్రీన్ కార్డే ఉందని చెప్పాను, తప్పించుకోవచ్చనుకుని. “ఓటు వెయ్యాలంటే సిటిజెన్ కావాలి. మైకు ముందు మాట్లాడటానికి నోరుంటే చాలు. అక్కడ ఎవరూ పాస్‌పోర్ట్ అడగరు.” రెండున్నర కాగానే లేచి నిలబడ్డారు. మూడింటికి తనకు పని ఉందన్నారు. తర్వాత ఆ మాట చాలాసార్లు విన్నాను. ఆ పనేమిటో మాత్రం అడగలేదు.

ఆ శరత్కాలంలో ఓట్లడుగుతూ అభ్యర్థులు ఇల్లిల్లూ తిరిగారు. మా నియోజకవర్గంలో డెలిగేట్ సీటుకు ఇద్దరు. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో ఆవిడ గుమ్మం ముందుకు వచ్చారు. రెండో ఆయన వచ్చిన రోజు నేనూ ఉన్నాను. కరపత్రం అందించి ఏదో చెప్పబోతుంటే, పది నిమిషాలు మాట్లాడకుండా ఉండగలరా అని ఆవిడ అడిగారు. రాజకీయ నాయకుడికి అది చిన్న పరీక్ష కాదు. వెనక డెక్ మీదకు తీసుకెళ్లి, డాక్టర్లు వినికిడి యంత్రాన్ని పరీక్షించే రబ్బరు గొట్టం ఆయన చెవులకు తగిలించి, రెండో కొసకు సూర్యనారాయణ గారి యంత్రం పెట్టారు. తర్వాత నాలుగడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో ఏదో అన్నారు. ఆయన ముఖం చిట్లించి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మోత తప్ప ఇంకేమీ వినబడటం లేదన్నాడు. నన్నేం చెయ్యమంటారు అని అడిగాడు, చేతిలోని కరపత్రాలు మర్చిపోయి. ఆవిడ జేబులోంచి ఒకే ఒక కాయితం తీసి ఇచ్చారు. డేటా సెంటర్ చప్పుడును దాని ప్రహరీ దగ్గర కాక దగ్గర్లోని ఇంటి గోడ దగ్గర కొలిచే అధికారం, ఆ లోతైన మోతను కూడా లెక్కలోకి తీసుకునే అధికారం కౌంటీలకు ఇవ్వాలి. అంతే. ఆయన వెళ్లాక, మీరు ఎవరి పార్టీ అని అడిగాను. “ఇద్దరికీ అదే గొట్టం, అదే కాయితం. ఎవరు గెలిస్తే ఆ కాయితం వాళ్ల మెడకే.” ఆ రెండో ఆయనే గెలిచాడు. జనవరిలో సభ మొదలైన వారానికి ఆ కాయితం బిల్లు అయింది, దానికో నంబరు వచ్చింది.

ఆ జనవరి అంతా ఆవిడ హాల్లో, ఆ మోత వినే మా వీధుల తెలుగువాళ్లందరికీ రిహార్సల్స్. కమిటీ ముందు ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే ఇస్తారు. ఇంటి నుంచి కంప్యూటర్లో కూడా చెప్పొచ్చు గానీ, మనిషి ఎదురుగా ఉంటే కాదనడం కష్టమని ఆవిడ నమ్మకం. వంటింటి టైమరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. మనవాళ్ల సంగతి తెలిసిందే. అధ్యక్షులవారికి, వేదికనలంకరించిన పెద్దలకు, సభకు నమస్కారాలు పూర్తయ్యేసరికి టైమరు మోగేది. “అయిపోయింది. మీకు ఇబ్బంది ఏమిటో వాళ్లకి తెలీలేదు. మీకు మర్యాద ఉందని మాత్రం తెలిసింది. కూర్చోండి” అనేవారు. రాంరెడ్డి గారికి ఇది మింగుడు పడలేదు. ముప్ఫై ఏళ్లు అర్జీలు చదివిన మనిషి. “గింత టైమ్‌ల ఏం చెప్తం మేడం? మా ఆఫీసుల ఒక్క అర్జీ మొదలువెట్టాల్నంటెనే మహారాజశ్రీ అని అరపేజీ పోతుండె” అన్నారు. “మహారాజుని తీసెయ్యండి రెడ్డిగారూ, మీ మనవరాల్ని పెట్టండి” అన్నారావిడ. మూడోసారికి ఆయన నిలబడి, మనవరాలు వెనక పెరట్లో ఆడనంటుందని, అక్కడ చెట్లు గురక పెడుతున్నాయంటుందని నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. ఆవిడ టైమరు ఆపి, ఇదీ అన్నారు. ఎవరింటి సంగతి వాళ్లు చెప్పాలి, సైన్సు తాను చెబుతానని మొదటే పంచేశారు. తనింటి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నన్నూ మాట్లాడమన్నారు గానీ, రాసేవాడు మాట్లాడకూడదని మా ఎడిటర్ నేర్పిన సూత్రం ఒకటి అడ్డం పెట్టుకున్నాను.

డెలిగేట్ల సభలో సబ్‌కమిటీ పొద్దున్న ఏడింటికి. తెల్లవారక ముందే బస్సులో బయల్దేరి నలభైమందిమి గది నింపేశాం. ఒక్కరూ నమస్కారాలు చెప్పలేదు. బిల్లు గట్టెక్కింది. పెద్ద కమిటీలోనూ గట్టెక్కింది. తర్వాత సభలో ఓటింగు రోజున గ్యాలరీలో నేను ఒక్కణ్నే ఉన్నాను. గోడ మీద వందమంది పేర్లున్న బోర్డు, పేరు పక్కన దీపం. పచ్చవి అవుననీ ఎర్రవి కాదనీ. బోర్డు వెలిగినప్పుడు పచ్చవే ఎక్కువ. పదకొండేళ్లు మొదటి పేజీకి హెడ్డింగులు పెట్టిన చెయ్యి ఇక ఆగలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్‌లోనే రాసి పెట్టేశాను: ‘మన బిల్లు పాసైంది!’ కింద మూడో పేరాలో, సెనెట్ ఆమోదం లాంఛనమే అని ఒక వాక్యం.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మన దగ్గర శాసనసభ ఉంది, శాసనమండలి ఉంది. సభ ఒకసారి నిర్ణయించాక మండలి కొన్నాళ్లు ఆపగలదే తప్ప చంపలేదు. మండలి వార్త లోపలి పేజీలో వేసుకునేవాళ్లం. నేను వర్జీనియా సెనెట్‌ను కూడా ఆ లోపలి పేజీలోనే వేశాను. ఇక్కడ రెండు సభలకూ సమానమైన బలం. ఒక సభ నెల రోజులు మోసుకొచ్చిన బిల్లును రెండో సభలో ఒక కమిటీ రెండు నిమిషాల్లో పక్కన పెట్టేయగలదు. రెండూ దాటినా గవర్నర్ సంతకం ఉంది. ఆవిడ ఇదంతా మొదటి రోజే చెప్పారు. నేను విన్నాను, రాసుకున్నాను కూడా.

ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి అడిగింది ఒకటే. “పాసైందా? ఎక్కడ?” డెలిగేట్ల సభలో అన్నాను. “ఆ మాట హెడ్డింగ్‌లో ఉందా?” లేదన్నాను. మార్చు అన్నారు. మార్చాను. కానీ అప్పటికే ఆ హెడ్డింగ్ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఆదివారం మనవాళ్లు ఒక హాలు బుక్ చేసి డెలిగేట్‌కు సన్మానం పెట్టారు. శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, పెద్దవాళ్లంతా వేదికెక్కారు. ఆయన శాలువా కప్పుకుని ఫొటో దిగి, నీటుగా మడిచి తిరిగి ఇచ్చేశాడు. బహుమతుల విషయంలో తమకు నియమాలున్నాయన్నాడు. అసలు పని ఇంకా సెనెట్‌లో ఉందని, మంగళవారం అందరూ రావాలని కూడా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సీతారత్నం గారు హాలు చివర కోట్లు తగిలించే చోట నిలబడి ఉన్నారు. మంగళవారం బస్సుకు ఎంతమంది అని నన్ను అడిగారు. నలభైకి తగ్గరన్నాను.

సోమవారం మధ్యాహ్నం నుంచి ఫోన్లు. ఒకరికి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్, ఒకరికి పిల్లవాడి టెస్టు. చివర అందరిదీ ఒకే మాట, పాసైపోయిందిగా. చీకటి పడేసరికి బస్సు క్యాన్సిల్ చేశాను. మంగళవారం పొద్దున నా కార్‌లో ముగ్గురం బయల్దేరాం.

ఇప్పుడు మళ్లీ ఆ గదికి వస్తాను. కార్డుల్లో సైన్సు ఉంది. ఇళ్ల సంగతులు చెప్పాల్సినవాళ్లు ఆ కుర్చీల్లో లేరు. రాంరెడ్డి గారు తన మనవరాలి మాట చెప్పి కూర్చున్నారు. మైకు ముందు ఆవిడ ఇంగ్లీషులో, తొందర లేకుండా చెప్పింది ఇది: “నా భర్త హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటాడు, ఇంట్లో తప్ప. ఇంట్లో పెట్టుకుంటే ఆయనకి ఆ మోతే వినబడుతుంది, నేను వినబడను. అందుకని రోజూ మూడింటికి ఆయన్ని లైబ్రరీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్తాను. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. కార్‌లో కూర్చుని ఒక గంట మాట్లాడుకుంటాం. ఇంటికి వచ్చాక కాయితం మీద రాసుకుంటాం. మా పెళ్లయి యాభై రెండేళ్లయింది. నాకు నా ఇంట్లో నా భర్తతో మాట్లాడాలని ఉంది. థాంక్యూ.” నిమిషంలో ఇంకా కొన్ని సెకన్లు మిగిలే ఉన్నాయి. వేసవి నుంచి ఆ ఇంటికి వెళ్తున్నవాణ్ని. ఆ కాయితాల దొంతర చూసినవాణ్ని. మూడింటి పని ఏమిటో ఆ గదిలో పరాయివాళ్లతో పాటు నేనూ అప్పుడే విన్నాను. ఆవిడ ఎన్నడూ బయట పెట్టదలచుకోని సంగతి అది. నలభైమంది వచ్చి ఉంటే పెట్టాల్సిన అవసరం ఉండేది కాదు.

తర్వాత నా వంతు. ఎడిటర్ సూత్రం గుర్తొచ్చింది, దాన్ని అక్కడే వదిలేశాను. పేరు చెప్పి, మా ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పి, ఈవిడ చెప్పింది నిజమని చెప్పాను. ఒక సెనెటర్ ఆవిడ వంక చూసి, మంచి విషయమేనని, ఇంకా అధ్యయనం కావాలని, బిల్లును వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామని ప్రతిపాదించాడు. ఛైర్మన్ వాయిదాకు అవుననేవాళ్లను అడిగారు, ‘అయ్’ అని గొంతులు వినబడ్డాయి. తర్వాతి నంబరు చదివారు.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లోంచి రాంరెడ్డి గారే, బిల్లు సచ్చినట్టా మేడం అని అడిగారు. “చావలేదు, పడుకుంది. రేపు లేపాలి” అన్నారావిడ. నేను తప్పు నాదేనని మొదలుపెట్టాను. ఆవిడ పూర్తి చెయ్యనివ్వలేదు. “మీ పేపర్లో సవరణ ఎంత సైజులో వేసేవాళ్లు?” అని అడిగారు. లోపలి పేజీలో, అడుగున, నాలుగు లైన్లు అన్నాను. “తప్పు పడిన సైజులో వెయ్యి. అదే చోట. నన్ను క్షమించమని రాయకు, బిల్లు ఎక్కడుందో రాయి. చదివినవాడికి కావాల్సింది అది.” గడియారం చూసుకుని, “ఇవాళ ఆయన ఎవరితోనూ మాట్లాడి ఉండరు” అన్నారు. ఇల్లు చేరాక, గుమ్మంలో నిలబడిన ఆయనను కోటు వేసుకోమని సైగ చేసి, రెండు గంటల ప్రయాణం చేసి వచ్చిన మనిషి మళ్లీ తన కారు తీశారు.

ఆ రాత్రే సవరణ రాశాను. ‘మన బిల్లు పాస్ కాలేదు’ అని పాత హెడ్డింగ్ అంత పెద్ద అక్షరాల్లో. కింద ఒక చిన్న పట్టిక: సభ, సెనెట్, గవర్నర్. దేని ఎదురుగా ఏమి జరిగిందో ఒక్కో వాక్యం. మా పత్రిక అంతవరకూ చూడనన్ని తిట్లు వచ్చాయి. ఆవిడ అవన్నీ చదివి, ఇప్పుడు చదువుతున్నారన్నమాట అన్నారు.

వాయిదా వేసిన బిల్లును ఆ ఏడాది ముగిసేలోగా కమిటీ మళ్లీ చేపట్టాలి. లేకపోతే అది తనంతట తానే పోతుంది. ఆ వేసవంతా ఆవిడ సెనెటర్ల ఆఫీసులకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అక్టోబరులో ఒక ఉదయం, పోలింగ్ బూత్ సిబ్బంది శిక్షణకు వెళ్లబోతూ, గుండె ఆగి పోయారు. కమిటీ కూర్చోలేదు. బిల్లు పోయింది.

ఆవిడ ఇన్నేళ్లలో ఏమేమి చేశారో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలీదు. నా మట్టుకు నాకు ఇచ్చి వెళ్లింది ఒక ప్రశ్న. ఎవరు ఫోన్ చేసి ఏది పాసైందన్నా, ఏది ఆగిపోయిందన్నా, ముందు ‘ఎక్కడ?’ అని అడుగుతాను. నా పత్రికలో ప్రతి జనవరిలోనూ ఆ పట్టిక వస్తుంది. ఖాళీగా ఉన్న గడి ఖాళీగానే ఉంటుంది, నింపాలనే చెయ్యిని ఆపుకుంటాను. నెలకోసారి ముప్ఫైమందిని మా హాల్లో కూర్చోబెట్టి నిమిషంలో మాట్లాడటం నేర్పుతాను. మొన్న ఒకావిడ వేదికనలంకరించిన అని మొదలుపెట్టి, నా ముఖం చూసి తనే నవ్వేసింది.

మూడింటికి మాత్రం నాకు పని ఉంటుంది. సూర్యనారాయణ గారు డ్రైవింగ్ మానేశారు. లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో, ఆవిడ ఎప్పుడూ ఆపే చోటే ఆపుతాను. ఆయన డబ్బా తెరిచి యంత్రాలు పెట్టుకుంటారు. మొదట్లో లెక్కల గురించి మాట్లాడేవారు, ఇప్పుడు ఆవిడ గురించి. నిన్న మాత్రం బిల్లు సంగతి అడిగారు. “ఎక్కడుందయ్యా?” ఉన్నదే చెప్పాను. ఈ జనవరిలో కొత్త నంబరుతో మళ్లీ ప్రవేశపెట్టారు. డెలిగేట్ల సభ దాటింది. సెనెట్ కమిటీ ఇంకా తేదీ వెయ్యలేదు.